బాత్ నగరంలో కిటికీ అద్దం మార్చనివ్వరట: జార్జియన్ ఇళ్ల గురించి కొన్ని సందేహాలు

హన్మకొండ, విశ్రాంత అధ్యాపకుడు:

పాత కట్టడాల గురించి తెలిసినవారు ఇక్కడ ఉన్నారని చూసి ఈ ప్రశ్న రాస్తున్నాను. మా చిన్నమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని బాత్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. జార్జ్ అనే పేరున్న రాజుల కాలంలో, ముఖ్యంగా 18వ శతాబ్దంలో, కట్టిన అక్కడి ఇళ్లను జార్జియన్ ఇళ్లు అంటారు. కిందటి వేసవిలో నేను, మా ఆవిడ అక్కడ రెండు నెలలు ఉండి వచ్చాము. వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు క్వీన్ స్క్వేర్‌ను ఆనుకొని ఉన్న వీధిలో ఉంది. సాయంత్రం పూట వేరే పని లేక ఆ స్క్వేర్ మధ్యలోని తోటలో కూర్చొని చుట్టూ ఉన్న ఇళ్ల ముఖాలు చూడటం నాకు అలవాటయింది. ఉత్తరం వైపు వరుసను మొదటిరోజు చూసి ఎవరో రాజుగారి మహలు అనుకున్నాను. మధ్యలో పైకి త్రికోణపు నెత్తి, దాని కింద గోడకు అతికించినట్టున్న ఎత్తయిన స్తంభాలు, అంతా తేనె రంగు రాయి. తలుపులు లెక్కపెట్టిన తర్వాత గానీ అవి పక్కపక్కనే ఉన్న ఏడు వేర్వేరు ఇళ్లని తెలియలేదు.

మా అమ్మాయి ఉంటున్న వరుసకు వెనుకవైపు చూస్తే సంగతి వేరు. ఒక ఇల్లు బయటికి పొడుచుకొచ్చింది, పక్కది లోపలికి పోయింది, పైపులు గోడల మీద పాకుతున్నాయి, కిటికీలు ఎవరికి నచ్చిన చోట వాళ్లు పెట్టుకున్నట్టున్నాయి. ముందు అంత కట్టుదిట్టం, వెనుక ఇంత విచ్చలవిడితనం ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఇంకో సందేహం కిటికీల సంగతి. మొదటి అంతస్తులో నిలువెత్తు కిటికీలు, దాని పైన పొట్టివి, ఆపైన ఇంచుమించు చతురస్రాలు. కొన్నిచోట్ల కిటికీ ఉండవలసిన జాగాలో రాయి పేర్చి మూసి ఉంది. పూర్వం కిటికీలకు పన్ను ఉండేదనీ, అది ఎగ్గొట్టడానికే మూశారనీ అక్కడి వారు చెప్పారు. అది నిజమేనా? చివరిగా అసలు సమస్య ఏమిటంటే, మా అమ్మాయి వాళ్ల ముందు గదిలో కిటికీలు గాలికి గడగడలాడతాయి, చలికాలంలో సందుల్లోంచి ఈదురుగాలి కొడుతుంది. రెండు పొరల అద్దాలున్న కొత్త కిటికీలు పెట్టించమని ఇంటాయనను అడిగితే, ఇది రక్షిత కట్టడం, నా ఇల్లయినా ఆ కిటికీని నేను మార్చలేను అన్నాడట. సొంత ఇంటి కిటికీ మీద సొంతదారుకు హక్కు లేకపోవడం ఏమి న్యాయం?

ఈ విషయం నా బుర్రలో తిరగడానికి ఒక కారణం కూడా ఉంది. పరకాల దగ్గర ఊరిలో మా తాతగారు కట్టించిన డంగు సున్నం (గానుగలో ఆడించిన సున్నం) గోడల ఇల్లు ఉంది. గోడలు పెచ్చులూడుతున్నాయని, మొత్తం గీకేసి సిమెంటు గిలాబు చేయిస్తే 50 ఏళ్లు చూడనక్కరలేదని గుత్తేదారు అంటున్నాడు. బాత్‌లో సిమెంటు తట్ట పట్టుకున్న మేస్త్రీ నాకు ఒక్కడూ కనిపించలేదు. తెలిసినవారు వివరించగలరు.

కరీంనగర్, ఆర్కిటెక్ట్ (ప్రస్తుతం బ్రిస్టల్):

సార్, నమస్కారం. బాత్ మాకు రైలులో పావుగంట దూరం. వృత్తిరీత్యా అక్కడి ఇళ్లలో కొన్నింటి మరమ్మతు పనుల్లో పాలుపంచుకున్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

ముందు గోడకూ వెనుక గోడకూ ఉన్న తేడాతో మొదలుపెడితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. క్వీన్ స్క్వేర్‌ను 1728లో మొదలుపెట్టి 1736 నాటికి పూర్తి చేసిన పెద్ద జాన్ వుడ్ ఆర్కిటెక్టే కాదు, ఈనాటి మాటలో చెప్పాలంటే రియల్ ఎస్టేటు వ్యాపారి కూడా. భూమి ఆయనది కాదు. రాబర్ట్ గే అనే భూస్వామి దగ్గర దీర్ఘకాలపు లీజుకు తీసుకొని, దాన్ని ప్లాట్లుగా విడగొట్టి చిన్న చిన్న బిల్డర్లకు తిరిగి లీజుకిచ్చాడు. ఆ లీజులోని షరతు ఒక్కటే: వీధి వైపు గోడ తాను గీసిన నక్షా ప్రకారమే, అదే రాయితో, అదే ఎత్తుతో కట్టాలి, దాని వెనుక ఎన్ని గదులు వేసుకుంటారో, మెట్లు ఎక్కడ పెట్టుకుంటారో అది కట్టేవాడి ఇష్టం, కొనేవాడి అవసరం. గోడలు లేపి కప్పు వేసేదాకా, అంటే రెండేళ్ల పాటు, బిల్డరు మీద అద్దె భారం పడకుండా వెసులుబాటు ఇచ్చేవారు. అందువల్ల పెద్ద పెట్టుబడి లేని వడ్రంగులు, రాతి మేస్త్రీలు కూడా తలా ఒకటి రెండు ఇళ్లు కట్టగలిగారు. మీరు మహలు అనుకున్నది నిజానికి అలాంటి ఏడుగురి ఇళ్లకు తొడిగిన ఒకే ముఖం. స్క్వేర్ నేల కూడా గమనించారో లేదో, వాలుగా ఉంటుంది. చదును చేయాలనే మొదట అనుకున్నాడు గానీ ఖర్చుకు వెనుకాడి వదిలేశాడు.

ఆయన కొడుకు, అదే పేరున్న చిన్న జాన్ వుడ్, 1767లో మొదలుపెట్టిన రాయల్ క్రెసెంట్‌లో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. అర్ధచంద్రాకారంలో 30 ఇళ్లు, ముందు 114 స్తంభాలు, ఒక్క స్తంభం కూడా వరుస తప్పదు. వెనక్కి వెళితే 30 ఇళ్లకు 30 తీర్లు. మీరు మళ్లీ వెళ్లినప్పుడు వెనుక సందులో ఒకసారి నడవండి. నా మటుకు నాకు ముందు భాగం కంటే అదే ఎక్కువ ఇష్టం, అక్కడ మనుషులు బతికిన ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఇక కిటికీల ఎత్తు. సెల్లారులో వంటగది, నేల అంతస్తులో భోజనశాల, మొదటి అంతస్తులో అతిథులను కూర్చోబెట్టే పెద్ద గది, ఆపైన పడకగదులు, కప్పు కింద పనివాళ్లు. ఇంట్లో ఏ అంతస్తుకు ఎంత మర్యాదో వీధిలో నిలబడ్డవాడికి కిటికీలే చెప్పేస్తాయి. కొలతలు మాత్రం ఇటలీ నుంచి వచ్చాయి. 16వ శతాబ్దంలో పల్లాడియో అనే ఆర్కిటెక్ట్ పురాతన రోము కట్టడాలను కొలిచి రాసిన నిష్పత్తులను ఇంగ్లండులో ఆ రోజుల్లో శిల్పశాస్త్రంలా పాటించారు: వెడల్పుకు రెట్టింపు ఎత్తు, ఒకటిన్నర రెట్లు, పైన చతురస్రం. మన స్థపతులకు తాళమానం, అంటే విగ్రహాల కొలతల లెక్క, ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిది. మీరు చూసిన నిలువెత్తు కిటికీలలో కొన్ని మొదట అంత పొడవు ఉండేవి కావు. తర్వాతి తరాలవారు మరింత వెలుతురు కోసం కింది గడపరాయిని కోసి నేల దాకా దించుకున్నారు. పక్కింటి కిటికీ కింది అంచుతో పోల్చి చూస్తే ఎవరు దించారో, ఎవరు దించలేదో తెలిసిపోతుంది.

కిటికీ పన్ను నిజమే. 1696 నుంచి 1851 దాకా ఉండేది, మూసినవారూ ఉన్నారు. అయితే గైడ్లు చెప్పినంతగా మాత్రం కాదు. లోపల ఆ చోట పొగగొట్టమో అడ్డగోడో ఉంటే కిటికీ పెట్టడం కుదరదు, పెట్టకపోతే బయట వరుస కుంటుపడుతుంది. అందుకని కట్టేటప్పుడే కిటికీ ఆకారంలో గుంట చేసి రాయి పేర్చి వదిలేసేవారు. రాళ్ల వరుసలు చుట్టూ ఉన్న గోడ వరుసలతో సరిగ్గా కలిసిపోయి ఉంటే అది పుట్టుకతోనే గుడ్డి కిటికీ అనుకోవచ్చు. వరుసలు కలవకుండా అతుకు స్పష్టంగా కనిపిస్తే తర్వాత మూసినది.

హక్కు సంగతికి వస్తే, ఇంగ్లండులో చారిత్రక కట్టడాల జాబితా 1947 నాటి చట్టం తర్వాత క్రమపద్ధతిలో మొదలైంది. ఇప్పుడు 1990 నాటి చట్టం అమలులో ఉంది. జాబితాలో మూడు శ్రేణులున్నాయి. అత్యున్నత శ్రేణిలోకి మొత్తం కట్టడాల్లో 2.5 శాతం మాత్రమే వస్తాయి, క్వీన్ స్క్వేర్ ఉత్తర వరుస అందులో ఉంది. చాలామంది అనుకున్నట్టు ఈ రక్షణ ముందుగోడకు మాత్రమే కాదు, లోపలి మెట్లకు, తలుపులకు, కప్పు కింది సున్నపు లతలకు కూడా వర్తిస్తుంది. స్థానిక కౌన్సిల్ అనుమతి లేకుండా కట్టడం స్వభావం దెబ్బతినేలా మార్చడం క్రిమినల్ నేరం, పైగా దానికి కాలపరిమితి లేదు. పాత యజమాని ఎప్పుడో మార్చిన కిటికీకి కొత్తగా కొన్నవాడి చేతికి నోటీసు రావచ్చు. మీ అమ్మాయి వాళ్ల ఇంటాయన భయం అదే అయి ఉంటుంది. అయితే ఉన్నది ఉన్నట్టుగా బాగుచేయడానికి సాధారణంగా ఈ అనుమతి అవసరం రాదు.

అన్నిసార్లూ అధికారుల మాటే నెగ్గుతుందని అనుకోకండి. 1970లలో రాయల్ క్రెసెంట్‌లో ఒక ఇంటావిడ తన వీధి తలుపుకు పసుపు రంగు వేయించారు. మిగతా తలుపులన్నీ తెల్లగా ఉన్నాయని కౌన్సిల్ నోటీసు ఇచ్చింది, ఆవిడ ప్రభుత్వానికి అప్పీలు చేసుకొని గెలిచారు.

ఇక మీ అమ్మాయి వాళ్ల కిటికీ. అది పక్కకు తెరుచుకునేది కాదు, పైకీ కిందికీ జరిగేది. చౌకట్టుకు రెండువైపులా లోపల బోలుగా పెట్టె ఉంటుంది, అందులో ఇనుప గుండో సీసపు గుండో వేలాడుతుంది, దానికి కట్టిన తాడు పైనున్న కప్పీ మీదుగా వచ్చి కిటికీ రెక్కను పట్టుకుంటుంది. మన చేదబావి కప్పీ లాంటిదే. గుండు బరువూ రెక్క బరువూ సమంగా ఉంటాయి కాబట్టి ఒక్క వేలితో ఎత్తినా లేస్తుంది, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. గడగడలాడుతున్నదంటే తాడు సాగడమో, పక్కనున్న చెక్క పట్టీ అరగడమో జరిగి ఉండాలి. ఇది వడ్రంగి ఒక పూటలో చేసే పని. ఆ సందుల్లో కుచ్చు పట్టీ (బ్రష్‌లాంటి పోగులున్న పట్టీ) దూర్చి, లోపలివైపు విడిగా ఇంకొక అద్దపు చట్రం పెట్టించుకుంటే చలి చాలావరకు ఆగుతుంది. పాత కిటికీని ముట్టుకోరు కాబట్టి కౌన్సిల్ కూడా అలాంటిదానికి సాధారణంగా అభ్యంతరం పెట్టదు. అయినా ముందుగా అడగడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు అద్దాన్ని ఏటవాలుగా చూడమనండి. ఎదుటి ఇంటి ప్రతిబింబం నీళ్లలోలాగా అలలు తిరుగుతూ, సన్నని వంపు గీతలు కనిపిస్తే అది ఊది, గుండ్రంగా తిప్పి చేసిన పాతకాలపు గాజు. 1746 నుంచి 1845 దాకా గాజు మీద బరువును బట్టి పన్ను ఉండేది కాబట్టి దాన్ని పలుచగా, చిన్న చిన్న పలకలుగా వాడారు. పన్ను తీసేశాక పెద్ద పలకలు వచ్చాయి, బరువు పెరిగింది, ఆ బరువుకు చట్రం అతుకులు ఊడకుండా పై రెక్క కింది మూలల్లో చెక్కను కొంచెం కొమ్ములా పొడిగించి వదలడం మొదలైంది. కొమ్ములుంటే ఆ రెక్క విక్టోరియా రాణి కాలానిదో ఆ తర్వాతిదో, లేకపోతే అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ.

హన్మకొండ, సివిల్ ఇంజినీరు:

పై సమాధానం బాగుంది గానీ, ఇందులో అద్దెకున్నవాడి కష్టం పక్కకు పోయిందని నా అభిప్రాయం. తడి, చలి, హీటర్ బిల్లు భరించేది లోపల ఉండేవాళ్లు. బయట తోటలో కూర్చొని ఆనందించేది మనలాంటి చూపరులు. పైగా రక్షణ పేరుతో కాపాడేదంతా అసలైనది కూడా కాదు. 1942 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు బాత్ మీద బాంబులు వేసినప్పుడు క్వీన్ స్క్వేర్ దక్షిణ వరుసలో ఒక భాగం కూలిపోయింది, యుద్ధం తర్వాత పాత ముఖాన్నే మళ్లీ కట్టారు. 20వ శతాబ్దంలో కట్టినదాన్ని 18వ శతాబ్దపు వరుసలో భాగంగా చూస్తున్నప్పుడు, ఒక కిటికీలో కొత్త అద్దం వేస్తే మునిగిపోయేది ఏమిటి?

మన దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. వేయిస్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రణ. కానీ ఆ పరిధిలో లేని పాత పెంకుటిల్లును, టేకు దర్వాజాతో సహా ఒక్క రోజులో ప్రొక్లెయిన్‌తో నేలమట్టం చేస్తే అడిగే దిక్కు లేదు. ఆ కొసకూ ఈ కొసకూ మధ్య ఒక దారి ఉండకూడదా?

కరీంనగర్, ఆర్కిటెక్ట్ (ప్రస్తుతం బ్రిస్టల్):

చలి గురించి మీరన్నది కాదనలేను. కానీ దక్షిణ వరుస ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతుంది. కూలిన చోట కొత్త డిజైనుతో కట్టుకునే వీలున్నా పాత ముఖాన్నే తిరిగి తెచ్చారంటే, అక్కడ విలువ ఒక్కొక్క రాయి వయసులో లేదు, నాలుగు వైపులా కలిసి ఏర్పడిన ఆ వరుసలో ఉందని ఊరు భావించినట్టే కదా. జాన్ వుడ్ లీజులో రాసిన షరతును ఇప్పుడు చట్టం కొనసాగిస్తున్నది. ఆ ఇల్లు కొన్నవాడు గదులు కొన్నాడు, ముఖంలో మాత్రం వాటాదారు.

వరుస తెగితే ఏమవుతుందో డబ్లిన్‌లో చూశాను. ఫిట్జ్‌విలియం వీధిలో 16 జార్జియన్ ఇళ్లను 1965లో కూల్చి ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఆఫీసు కట్టారు. అప్పటిదాకా మెరియన్ స్క్వేర్ వైపు నుంచి దాదాపు కిలోమీటరు పొడవునా ఎడతెగకుండా సాగిన ఇటుక ముఖాల వరుస అక్కడితో విరిగింది. బాత్ కూడా సుద్దపూస కాదు. 1960లలో, 70లలో రాయల్ క్రెసెంట్ లాంటి పెద్ద వరుసలను అద్దంలా కాపాడుతూనే, చేతివృత్తులవారు ఉండిన చిన్న జార్జియన్ ఇళ్లను వీధులకు వీధులే పడగొట్టారు. అప్పుడు ఊళ్లో లేచిన గొడవ వల్లనే తర్వాత చిన్న ఇళ్ల మీద కూడా పట్టింపు పెరిగింది.

జనగామ, తాపీ మేస్త్రీ కుమారుడు:

సిమెంటు ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. మా నాయన 40 ఏళ్లు డంగు సున్నం పని చేశారు. నేను పాలిటెక్నిక్ చదివి ఇప్పుడు పాత గుళ్ల మరమ్మతు పనుల్లో ఉన్నాను. బాత్ రాయిని నేను చూడలేదు గానీ, అది సున్నపురాయి జాతి అని, గని నుంచి తీసిన కొత్తలో రంపంతో కోయగలిగేంత మెత్తగా ఉంటుందని చదివాను. మన కాకతీయుల నల్లరాయితో దానికి పోలికే లేదు. ఉలి విరిగేంత గట్టి రాయి మనది, నీరు పీల్చదు. వాళ్లది పీల్చుతుంది.

పీల్చే గోడకు వాన తడి లోపలికి పోవడం ఎలాగూ తప్పదు, కాబట్టి అది బయటికి రావడానికి దారి ఉండాలి. రాళ్ల మధ్య సున్నం ఉంటే తడి ఆ సున్నం గుండా ఆరుతుంది, తడితో వచ్చే ఉప్పు కూడా సున్నంలోనే తేలుతుంది, కొన్నేళ్లకు సున్నం రాలితే మళ్లీ పూస్తారు. ఆ సందులను సిమెంటుతో నింపితే తడికి దారి మూసుకుపోయి రాయిలోంచే బయటికి రావలసి వస్తుంది. ఉప్పు రాయి చర్మం కింద గడ్డకట్టి, పొర పొరలుగా రాయినే ఊడదీస్తుంది. సిమెంటు మాత్రం గట్టిగా అలాగే నిలబడి ఉంటుంది, చుట్టూ రాయి గుంటలు పడుతుంది. సార్‌కు అక్కడ సిమెంటు తట్ట కనబడకపోవడానికి ఇదే కారణం.

పరకాల ఇంటికీ ఇదే వర్తిస్తుంది. పెచ్చులూడుతున్నది ఎక్కడో ముందు చూడండి. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తులోపలే అయితే కింది నుంచి తడి ఎక్కుతున్నదని అర్థం, గోడ పైభాగంలో అయితే కప్పు కారుతున్నట్టు. ఎవరైనా ఇదివరకే కొంత మేర సిమెంటు పూసి ఉంటే, దాని పై అంచున పెచ్చులు ఎక్కువగా కనిపిస్తాయి. అది తీయించడం మొదటి పని. గిలాబు మొత్తం గీకేయనివ్వకండి. వేలి కణుపుతో తట్టుతూ పోతే బోలు శబ్దం వచ్చే చోటు తెలుస్తుంది. అంతవరకే తీసి, గానుగలో ఆడించిన సున్నం, ఇసుకతో పూయించి, గోనె సంచులు కప్పి వారం పది రోజులు తడుపుతూ ఉండాలి. మా నాయన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఇప్పుడు చాలామంది ఆ రెండూ కలిపితే చాలు పాత పద్ధతి అయిపోయిందనుకుంటున్నారు, సున్నం నానబెట్టడానికి మాత్రం ఓపిక పట్టరు.

కాజీపేట, రైల్వే ఉద్యోగి:

జార్జియన్ పద్ధతి చూడటానికి బాత్ దాకా పోనక్కరలేదని చెప్పడానికే రాస్తున్నాను. హైదరాబాద్ కోఠీలో ఒకప్పటి మహిళా కళాశాల (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనం, నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధి అయిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కోసం 1803 ప్రాంతంలో మొదలైంది. పై వారు చెప్పిన పల్లాడియో కొలతలే, అదే త్రికోణపు నెత్తి, అవే ఆకుల తలకట్టు స్తంభాలు. తేడా ఏమిటంటే బాత్‌లో రాయి రాయిలాగే కనిపిస్తుంది, కోఠీలో ఇటుక మీద సున్నం పూసి రాయిలా భ్రమింపజేశారు. ఏళ్ల తరబడి పాడుబడి ఉన్న ఆ భవనాన్ని ఈ మధ్యనే బాగుచేశారు. మా అక్క అక్కడ చదివిన రోజుల్లో ఆ దర్బారు హాలులోకి వెళ్లాలంటే పిల్లలు గబ్బిలాలకు భయపడేవారట.

హన్మకొండ, విశ్రాంత అధ్యాపకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మా అమ్మాయి వీడియో కాల్‌లో కిటికీలన్నీ ఒక్కొక్కటిగా చూపించింది. ముందు గదిలో మూడు ఉన్నాయి. మొదటి రెండింటి పై రెక్కలకు కొమ్ములు లేవు, అద్దంలో ఎదుటి పొగగొట్టాలు పాములా మెలికలు తిరుగుతున్నాయి. మూడోదానికి కొమ్ములున్నాయి, అద్దం చదునుగా ఉంది. గడగడలాడేది ఆ మూడోది కాదు, పాతవాటిలో ఒకటి. ఇంటాయనే ఒక వడ్రంగిని పిలిపించాడట. చౌకట్టు పక్కనున్న చెక్క పలక విప్పితే లోపల ఒక గుండు తాడు తెగి అడుగున పడి ఉంది, రెండోది ఒక్క పోగు మీద వేలాడుతున్నది. తాళ్లు మార్చి, సందులకు కుచ్చు పట్టీ కొట్టి వెళ్లాడు. లోపలి అద్దపు చట్రం గురించి కౌన్సిల్‌కు ఉత్తరం రాస్తానని ఇంటాయన అన్నాడట.

జనగామ వారికి ఒక మాట. నిన్న పరకాల వెళ్లి మీరు చెప్పినట్టే వేలితో తట్టి చూశాను. బోలుగా మోగినది వంటింటి వైపు గోడ ఒక్కటే. పదిహేనేళ్ల కింద మేమే అక్కడ నడుమెత్తు వరకు సిమెంటు పూయించాము. గుత్తేదారుకు పని ఆపమని చెప్పాను. గానుగ సున్నం ఆడించేవారు పరకాల, భూపాలపల్లి వైపు ఎవరైనా మిగిలి ఉంటే దయచేసి ఇక్కడ తెలియజేయగలరు.

జనగామ, తాపీ మేస్త్రీ కుమారుడు:

ఆ వైపు ఎవరున్నారో మా నాయనను అడిగి రాస్తాను సార్. ఈలోగా ఆ నడుమెత్తు సిమెంటును సుత్తితో గట్టిగా కొట్టనివ్వకండి, కింది ఇటుక కూడా ఊడి వస్తుంది. సన్నని ఉలితో, పైనుంచి కిందికి, చేతెడు మేర చొప్పున తీయించండి.